ఆపరేషన్ తర్వాతా తగ్గని నొప్పి

ఆళ్లగడ్డలో రోజంతా వంగి కూర్చుని రాయి చెక్కే శిల్పులున్నారు. నంద్యాల చుట్టుపక్కల మడిలో నడుం వంచి నాట్లేసే ఆడవాళ్లున్నారు. నడుంనొప్పి వీళ్లకు కొత్త కాదు. కానీ వెన్ను ఆపరేషన్ అయ్యాక కూడా కాల్లోకి కరెంటు షాకులా నొప్పి లాగుతుంటే, ఇంట్లోవాళ్లే నమ్మరు. “ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంకేం నొప్పి?” అంటారు. ఆ మాట నొప్పికంటే ఎక్కువ బాధిస్తుంది.

నరం చాలాకాలం నలిగితే, ఒత్తిడి తీసేసినా తప్పుడు సంకేతాలు పంపుతూనే ఉండొచ్చు. 3 నెలలు దాటినా తగ్గని ఇలాంటి నొప్పిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11 ప్రత్యేకంగా గుర్తించింది. 2022 నుంచి ఆ జాబితా అమల్లో ఉంది. ఈ నొప్పి భ్రమ కాదు, నటన అసలే కాదు.

మామూలు నొప్పి బిళ్లలు దీనికి అంతగా పనిచేయవు. నెలల తరబడి మింగితే కిడ్నీలు, కడుపు దెబ్బతినే ప్రమాదముంది. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్, డ్యులాక్సెటిన్ వంటి మందులు డాక్టరు రాస్తేనే వాడాలి, ఉన్నట్టుండి మానకూడదు. అవీ కొందరికే, కొంతవరకే తగ్గిస్తాయి. అందుకే నొప్పి పూర్తిగా పోవాలని కాకుండా, ముందు బజారుదాకా నడవగలగాలని లక్ష్యం పెట్టుకోండి. మళ్లీ ఆపరేషన్ అంటే మాత్రం ఇంకో డాక్టరును కూడా అడగండి.

కాలు చచ్చుబడినా, మూత్రం అదుపు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మనసు కుంగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.