కదిపి చూడాలి
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

బయట వేపచెట్టు కింద ఒక నల్ల బండి నిలబెట్టి ఉంది. పొద్దున్నించి పదిమంది దాకా అడిగారు, అది ఎవరిదని. నాదేనండి. కార్యదర్శి గారు కూడా చూసి, "ఇంకేం చెప్తావు, దాని గురించే చెప్పు" అన్నారు. అందుకని బ్యాంకు కబుర్లు పక్కనపెట్టి బండి కబుర్లే చెబుతాను.

అది 2012 మోడలు బజాజ్ అవెంజర్, 220 సీసీ. కాళ్లు ముందుకు చాపుకుని, వెనక్కి వాలి కూర్చుని నడిపే రకం. కుర్రతనంలో ఇలాంటి బండి కొనుక్కునే స్తోమత లేదు. స్తోమత వచ్చేసరికి పిల్లల చదువులు వచ్చాయి. రిటైరయ్యాక, ఒకాయన ఇంటి వెనక రెండు వర్షాకాలాలు నానిన బండిని 32 వేలకు ఇస్తానంటే తీసుకున్నాను. డబ్బు ఇచ్చేముందు ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో పోల్చుకున్నాను. అప్పు తీరినట్టు ఫైనాన్సు కాగితం చూశాను. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకున్నాను. పాత బండి కొనేవాళ్లు ఎవరైనా ముందు చేయాల్సిన పని ఇదే. మిగతా రిపేర్లు ఎప్పుడైనా చేసుకోవచ్చు.

పని మొత్తం ఇంటి వరండాలోనే చేశాను. విప్పిన ప్రతి బోల్టునూ మందుల డబ్బాల్లో వేసి, డబ్బా మీద అది ఎక్కడిదో కాగితం అంటించాను. విప్పేముందు ఫోనుతో ఫొటో తీసుకున్నాను. ట్యాంకు దించి చూస్తే లోపలంతా తుప్పు. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "పొయ్యి మీద చారు మరుగుతోంది, ఆ పెట్రోలు డబ్బా ఇక్కడ పెడతారా?" అంది. ఆమె మాటే నిజం. పెట్రోలు పనంతా దొడ్లోకి మార్చాను.

ట్యాంకులో వెనిగరు పోసి, గుప్పెడు పాత నట్లు వేసి, గంటకోసారి కదుపుతూ ఒక రాత్రంతా ఉంచాను. నట్లు లెక్కపెట్టే వేశాను, 22. బయటికి తీస్తే 21 వచ్చాయి. ఆ ఒక్కదాని కోసం ఒక సాయంత్రం పోయింది. తరవాత వంటసోడా నీళ్లతో కడిగి, మంచినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, కొంచెం ఇంజన్ ఆయిలు లోపలంతా తిప్పాను. బయట ఎమరీ పేపరు 220తో మొదలుపెట్టి 400, 800 దాకా రుద్ది, ప్రైమరు వేసి, మళ్లీ అదే నలుపు రంగు వేశాను. రంగు కూడా ఆర్‌సీలో ఉంటుంది. మారిస్తే రవాణా ఆఫీసులో చెప్పి రాయించుకోవాలి.

కార్బురేటరు విప్పి జెట్లు శుభ్రం చేశాను. వాటి రంధ్రం సన్నంగా ఉంటుంది, పిన్నీసుతో పొడిస్తే పెద్దదైపోయి మైలేజీ పోతుంది. క్లీనరు కొట్టి గాలి ఊదాలి. సీటు మాత్రం ఊళ్లో సోఫాలు కుట్టే అతనిచేత నా నడుముకు సరిపడా కుట్టించాను.

ఇక్కడిదాకా అంతా బాగుంది. తరవాతే బుద్ధి వంకర తిరిగింది. ఫొటోల్లో చూసినట్టు ఎత్తు హ్యాండిల్ బారు ఒకటి తెచ్చి బిగించాను. పాతదానికంటే నాలుగు అంగుళాలు ఎత్తు. కేబుళ్లు మాత్రం పాతవే. బండి స్టాండు మీద, హ్యాండిలు తిన్నగా ఉన్నప్పుడు అన్నీ చక్కగా అందాయి. అద్దంలో చూసుకుని మురిసిపోయాను.

ఆదివారం మా ఆవిడను ఎక్కించుకుని గుడికి బయల్దేరాను. గుడి దగ్గర సందులోకి ఎడమకు గట్టిగా తిప్పాను. తిప్పగానే కుడిచేతి పిడి ముందుకు వెళ్లింది. చాలీచాలని యాక్సిలరేటరు కేబులు బిగుసుకుని తనంతట తానే లాగేసింది. నా చెయ్యి కదల్లేదు, బండి మాత్రం ముందుకు ఉరికింది. క్లచ్చి పట్టుకుని బ్రేకు తొక్కేలోపు పూలమ్మే ఆవిడ బుట్ట మీదికి ముందు చక్రం ఎక్కేసింది. ఆమె చెయ్యి అప్పుడే బుట్టలోంచి తీసింది.

దిగి, చేతులు వణుకుతుంటే పూల డబ్బులు ఇవ్వబోయాను. ఆమె తీసుకోలేదు. "పువ్వులకేముంది బాబూ, రేపు మళ్లీ వస్తాయి. చెయ్యి పోతే దండ ఎవరు కడతారు?" అంది. మా ఆవిడ బతిమాలితే చివరికి తీసుకుంది. ఇంటిదాకా బండి తోసుకుంటూ వచ్చాను. ముందు బ్రేకు గొట్టం చూస్తే, హ్యాండిలు తిప్పినప్పుడు అదీ తీగలా బిగుసుకుంటోంది. నాలుగు రోజులు పోతే అదీ తెగేదేమో.

ఆ రాత్రి మన చెక్కపని మాస్టారు గుర్తొచ్చారు. ఎనిమిదో తరగతిలో నేను జారుడు మూత ఉన్న పెన్సిలు పెట్టె చేశాను. మూత బిగువుగా, అందంగా కూర్చుందని తీసుకెళ్లి చూపించాను. మాస్టారు మూత లాగారు, రాలేదు. వాన గాలికి చెక్క ఉబ్బింది. "నిలబెట్టి చూస్తే సరిపోదురా, కదిపి చూడు" అన్నారు. నలభై ఏళ్ల తరవాత అదే తప్పు చేశాను. అప్పుడు పెట్టె పాడైంది, ఈసారి ఒక మనిషి చెయ్యి పోయేది.

మర్నాడే పాత హ్యాండిల్ బారు మళ్లీ బిగించాను. రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఇంజను వేగం మారడం లేదని చూసుకున్నాకే బండి బయటికి తీశాను. చట్టం కూడా ఇదే చెబుతోంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారుచేసినవాళ్ల నమూనాకు భిన్నంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తీర్పు ఇచ్చింది. పెద్ద శబ్దం చేసే సైలెన్సర్లు పెట్టే కుర్రాళ్లకు ఇదే నా మనవి. సొంత చేత్తో చేసుకోవడం గొప్ప సంగతే. కానీ రోడ్డు మన వరండా కాదు.

చివరిగా ఒక్క మాట. నిన్న మన బడి అంతా తిరిగి చూశాను. చెక్కపని గదికి తాళం ఉంది. కిటికీలోంచి చూస్తే బెంచీలు, వాటికి బిగించిన వైసులు అలాగే ఉన్నాయి. బండి చూసి ఇద్దరు తొమ్మిదో తరగతి ఆడపిల్లలు, "అంకుల్, చైను ఎలా బిగిస్తారు?" అని అడిగారు. గంటసేపు చూపించాను. ఒకమ్మాయి అలెన్ కీ పట్టడం చూస్తే ముచ్చటేసింది.

హెడ్మాస్టారు గారు అనుమతి ఇస్తే, ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ గదికి నేను వస్తాను. నా స్పానర్ల పెట్టె ఇస్తాను. మా బ్యాచి వాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పనిముట్టు ఇస్తే గది నిండుతుంది. సైకిలు పంక్చరుతో మొదలుపెడదాం.

ఆ ఎత్తు హ్యాండిల్ బారు ఇంకా నా దగ్గరే ఉంది. ఎవరికీ అమ్మలేదు. ఆ గది గోడకు తగిలిస్తాను. పిల్లలు అదేమిటని అడిగినప్పుడు, పూలావిడ సంగతి చెబుతాను.