పుటపై పూచిన బొమ్మలు

పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీ ముద్రణాలయములలో రాతి అచ్చుపై బహువర్ణములతో ముద్రింపబడి, ఉక్కు అచ్చుతో అంచువెంట కోయబడి, సన్నని కాగితపు పట్టీలతో ఒకదానికొకటి తగుల్కొని వచ్చిన గులాబీలను, పావురములను, దేవదూతలను ఇంగ్లండు గృహిణులు ఆల్బముల పుటలపై అతికించి ఆనందించిరి. ఇట్లు అతికించు పని సులువగుటకై 1873లో రచయిత మార్క్ ట్వేన్ ముందే జిగురు పూసిన స్క్రాప్‌బుక్కునకు పేటెంటు పొందెను. అట్లు అంచువెంట కోసిన డై కట్ బొమ్మలతో నేడు పుటను కూర్చునపుడు, ఛాయాచిత్రమును నట్టనడుమ గాక ఒకింత ప్రక్కకు జరిపి, పెద్ద పూవునొకదానిని దాని మూలకు ఆనించి, చిన్న ఆకులు ఆ పూవునుండి జారినట్లమర్చి, ఒక రెక్క అంచును మాత్రము జిగురంటక పైకి లేపి విడిచినచో, దాని క్రింద పడు సన్నని నీడయే పుటకు ప్రాణము పోయును. తక్కిన చోటు ఖాళీగా నుండుటయే అందము. ఆమ్లములేని జిగురునే వాడుడు. లేనిచో ఛాయాచిత్రములు పసుపుబారును.