వాటాధనము – వివేకము

రావులపాలెము అరటి మార్కెట్టులో నిన్నటి గెల ధర నేఁడుండదని మన మెఱుఁగుదుము. కంపెనీ వాటాయు నట్టిదే. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు లక్ష రూపాయల చెల్లింపు మూలధనముతో బందరున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. డిపాజిటుదారుల పైకము చెక్కుచెదరలేదు. వాటాదారుల వేయి వాటాలకు మాత్రము వెలకట్టి 325 యూనియన్ బ్యాంకు వాటా లిచ్చిరి. డిపాజిటు మన మిచ్చిన యప్పు. వాటా యన్ననో లాభనష్టములు రెంటను భాగస్వామ్యము.

కొబ్బరితోఁటలో నరటిని గూడ వేయు మనము ధనమంతయు నొక్క కంపెనీలో పోయుట తగునా? పిల్లల చదువునకు దాఁచినదియు, పొలము తాకట్టుపెట్టి తెచ్చినదియు వాటాలలో పెట్టరాదు. మిగులు ధనమునే, కంపెనీ లెక్కలు చూచి, పలుచోట్ల పెట్టవలయును. చదువుకొన్న మన యువతీయువకులు పెద్దలకా లెక్కలు విప్పి చెప్పుదురు గాక!