వీడియో మళ్లీ మొదటికొచ్చేలోపు
(పూర్వ విద్యార్థుల సంక్రాంతి సమావేశంలో చేసిన ప్రసంగం)



స్వర్ణోత్సవం రోజు వేసే వీడియో గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. దానికంటే ముందు కిందటేడాది నేను చేసిన రెండు తప్పులు చెప్పాలి. ఒకటి మీకు తెలుసు, నవ్వారు కూడా. రెండోది తెలియదు.

పోయినసారి పదో తరగతి గదిలో కంప్యూటరు పెట్టి, పాత ఫొటోల వీడియో రోజంతా తిరిగేలా ఏర్పాటు చేశాను. 168 ఫొటోలు, ఒక్కోటి 5 సెకండ్లు, మొత్తం 14 నిమిషాలు. వీఎల్‌సీ ప్లేయర్‌లో పెట్టి, వంటల దగ్గరికి వెళ్లిపోయాను. లూప్ బటన్ నొక్కడం మరిచాను. పావుగంట తిరక్కుండానే వీడియో అయిపోయి, తెర మీద నారింజ రంగు కోను ఒకటి నిలబడింది. "ఏరా, బళ్లో రోడ్డు వేస్తున్నారా?" అన్నారు మా లెక్కల మాస్టారు.

ఆ కోను కథ కూడా విద్యార్థులదే. పారిస్ దగ్గర ఎకోల్ సెంట్రాల్ అనే ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు 1996లో తమ క్యాంపస్ నెట్‌వర్క్ మీద వీడియోలు చూసుకోవడానికి మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. రోడ్డు మీది కోన్లు తెచ్చి పోగేసే సరదా వాళ్లకుండేది. అదే గుర్తయి కూర్చుంది. 2001లో సోర్సు కోడుతో సహా అందరికీ ఉచితంగా వదిలారు. మనం స్టాఫ్ రూములోంచి ఎత్తుకొచ్చిన సుద్దముక్కలు ఇంత దూరం వెళ్లలేదు!

సరే, బటన్ నొక్కాను. ఒకసారి నొక్కితే లిస్టు మొత్తం తిరుగుతుంది, ఇంకోసారి నొక్కితే ఒక్క ఫైలే తిరుగుతుంది, మూడోసారి నొక్కితే లూప్ పోతుంది. కంగారులో మూడుసార్లు నొక్కకూడదు, అంతే.

ఇక రెండో తప్పు. తిరిగే వీడియోలో ఒక చిత్రముంది. సినిమాకు ఆలస్యంగా వెళితే మొదలు పోయిందని తెలుస్తుంది. దీనికి మొదలూ చివరా కనబడవు. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లు, తాము చూడని ముక్క ఇంకా రావాల్సి ఉందనుకుంటారు. ఆ రోజు చివరి బెంచీలో ఒకతను అలాగే కూర్చున్నాడు. మన బెల్లు కొట్టే అటెండరు గారి అబ్బాయి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను అటుగా వెళితే, "అన్నా, మా నాన్న ఎప్పుడొస్తాడు?" అనడిగాడు.

168 ఫొటోలూ నేనే పేర్చాను. ఆయన ఎందులోనూ లేడని నాకు తెలుసు. "చూస్తూండు తమ్ముడూ" అన్నాను. భోజనాలయ్యాక వచ్చి చూస్తే ఇంకా అక్కడే ఉన్నాడు. మూడోసారి తిరుగుతోంది. నిజం చెప్పడానికి నోరు రాలేదు. కాసేపటికి ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. సాయంత్రం దాకా 14 నిమిషాలకోసారి మనందరం వస్తూనే ఉన్నాం.

రాత్రి నిద్రపట్టక అసలు స్కాన్లు తెరిచాను. 1984 పదో తరగతి గ్రూపు ఫొటో. కింద పలక మీద సంవత్సరం, కుర్చీల్లో మాస్టార్లు, వెనక బల్లల మీద మేము. ఆ పైన, వరండాలో, వేలాడే రైలు పట్టా ముక్క పక్కన స్తంభానికి చెయ్యి ఆనించి ఆయన! పాత ఫొటోలు కొంచెం చదరంగా ఉంటాయి, ఇప్పటి తెరలు వెడల్పు. అటూ ఇటూ నల్లపట్టీలు బాగుండవని నేనే తెరకు సరిపడా పైనా కిందా కత్తిరించేశాను. కింద పలక పోయింది, పైన మనిషి పోయాడు.

మర్నాడే ఆ ఫొటో వాళ్లబ్బాయికి పంపి, జరిగింది ఫోన్లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మకు చూపించానన్నా, ఆయనే అంది" అన్నాడు. నన్నొక మాటన్నా బాగుండేది.

అందుకని ఈసారి ఏ ఫొటో కత్తిరించడం లేదు. నల్లపట్టీలు కనిపిస్తాయి, కంప్యూటరు పాడైందనుకోకండి. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా తిప్పితే 14 నిమిషాల వీడియో 34 సార్లు వస్తుంది. కాబట్టి ఇంకో పది నిమిషాలు పెరిగినా నష్టం లేదు. మధ్యాహ్న భోజనం వండిన అమ్మలు, రాత్రి వాచ్‌మన్, తోటకు నీళ్లు పెట్టినాయన, వీళ్ల ఫొటోలు మన దగ్గర లేవు. మీ ఇళ్లలో స్కూలు ఫొటోలుంటే వెనక వరసలు, కిటికీలు, వరండాలు ఒకసారి చూడండి. గుర్తుపట్టిన పేరు చీటీ మీద రాసి తెండి. ఫొటో వెనక పెన్నుతో రాయొద్దు, ఇంకు ఇవతలికి దిగుతుంది. అంటుకుపోయిన ఫొటోలను ఊడదీయకుండా ఆల్బమ్‌తో సహా ఇవ్వండి. స్కాన్ చేసి అప్పటికప్పుడే తిరిగి ఇచ్చేస్తాను. భోజనాలయ్యేదాకా లైబ్రరీ గదిలోనే ఉంటాను.