గడ్డం కింద పట్టీ
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి ముందు వక్తలు చెప్పవలసినదంతా చెప్పారు. నాకిచ్చిన పది నిమిషాలూ ఒక చిన్న వస్తువు గురించి మాట్లాడతాను. హెల్మెట్‌కు గడ్డం కింద ఉండే పట్టీ, దాని లాక్.

నా నుదుటి మీది మచ్చ చూసి చాలామంది అడిగారు. మొన్న వర్షాకాలంలో ట్రెజరీ పని మీద స్కూటరు మీద బయలుదేరాను. దర్శి రోడ్డులో గేదె అడ్డం వచ్చింది, పడ్డాను. నేను పడకముందే హెల్మెట్ ఊడి, నాకంటే ముందు దొర్లుకుంటూ పోయింది. మూడు కుట్లు పడ్డాయి. ఇంటికి వచ్చాక మనవడు, "తాతా, హెల్మెట్ పెట్టుకునే గదా పోయినావు, తలెట్లా పగిలింది?" అన్నాడు. పట్టీ పెట్టుకోలేదని చెప్పడానికి సిగ్గేసింది.

ఎందుకు పెట్టుకోలేదు? బద్ధకం కాదు. ఆ లాక్ పెట్టేటప్పుడు దవడ కింద టకటకమని మోత, మెడ చర్మం పట్టుకుని లాగడం. తీసేటప్పుడు నా బొటనవేలికి లొంగదు. ఒకసారి మెడికల్ షాపు ముందు తీయలేక నిలబడితే, కుర్రవాడొకడు వచ్చి తీశాడు. ఆనాటి నుంచి పట్టీ వేలాడదీసుకునే తిరిగాను. ఇక్కడ కూర్చున్నవారిలో అలా తిరిగేవారు ఎందరో నాకు తెలుసు, పేర్లు చదవను.

గుమాస్తాను గనుక చట్టం ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 129 వివరణలోనే హెల్మెట్ అంటే పట్టీతోగానీ, మరో బిగింపుతోగానీ తలకు గట్టిగా కట్టుకున్నదని ఉంది. అంటే పట్టీ పెట్టని హెల్మెట్ చట్టం లెక్కలో హెల్మెట్టే కాదు. 2019 సవరణలో వచ్చిన 194-డి ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. 2021 జూన్ 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్ అమ్మకూడదు. ఆ ఐ.ఎస్. 4151 ప్రమాణంలో పట్టీ బలానికి పరీక్ష ఉంది. అది మన వేలికి లొంగుతుందా అన్నది మాత్రం కొట్లో మనమే చూసుకోవాలి.

ఇక ఆ మోత సంగతి. సైకిలు ఫ్రీవీలు మనందరికీ తెలిసినదే. లోపల పళ్ళ చక్రం, దాని మీద స్ప్రింగు నొక్కిపట్టిన నాలుక. హెల్మెట్ లాక్ కూడా అంతే. పన్నుకు ఒక పక్క వాలు, మరో పక్క నిట్టనిలువు. అందుకే లోపలికి జారుతుంది, వెనక్కు రాదు. నాలుక ఒక పన్ను కొన మీంచి తరువాతి సందులోకి పడినప్పుడల్లా టక్కుమంటుంది. పళ్ళు పెద్దవైతే దెబ్బ పెద్దది. అది దవడ దగ్గర కూర్చుంటుంది గనుక చప్పుడు ఎముక గుండా నేరుగా చెవి లోపలికి పోతుంది. పక్కవాడికి చిన్నగా వినిపించేది మనకు పెద్దగా వినిపిస్తుంది.

పళ్ళు సన్నంగా ఉంటే మోత తగ్గుతుంది, బిగింపు కూడా సన్నసన్నగా కుదురుతుంది. కానీ మన వైపు దుమ్ముకు సన్న పళ్ళు త్వరగా పూడిపోతాయి. కొందరు కొబ్బరి నూనె వేస్తారు. నేనూ వేశాను. నూనెకు దుమ్ము అంటి నాలుగు రోజుల్లో మునుపటి కంటే మొండికేసింది. సబ్బునీళ్ళు, పాత పళ్ళ బ్రష్షు, నీడలో ఆరబెట్టడం, ఇది చాలు. పెట్రోలు మాత్రం తగలనీయవద్దు, హెల్మెట్ డొప్పే పాడవుతుంది.

మెకానిక్ షాపు కుర్రవాడు నాకు నేర్పిన కిటుకు ఒకటి. లాక్‌కు ఎర్ర నాడా ఉంటుంది. అది తీయడానికేనని అనుకునేవాడిని. పట్టీ దూర్చేటప్పుడు కూడా దాన్ని కొంచెం లాగిపడితే నాలుక పైకి లేస్తుంది. చప్పుడు లేకుండా వెన్నలా జారుతుంది. వదిలి, ఒకసారి గట్టిగా గుంజి చూసుకోవాలి. నాలుక పన్నులో పడిందా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఇంకొకటి: చివరి రెండు పళ్ళ మీదే బిగిస్తున్నామంటే పట్టీ పొడవు తప్పు. ఇంట్లో తీరిగ్గా కూర్చుని రెండో వైపు పొడవు సరిచేసుకుంటే రోజూ పెనుగులాడే పని ఉండదు. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్ళు పడితే చాలు. వెనక నుంచి ఎవరినైనా హెల్మెట్‌ను పైకి, ముందుకు తోయమనండి, ఊడిరాకూడదు.

పళ్ళు అసలే లేని రకం కూడా ఉంది. రెండు ఇనుప రింగులు. పట్టీని రెండింట్లోంచి దూర్చి, ఒకదాని మీదుగా వెనక్కు మళ్ళిస్తారు. లాగినకొద్దీ పట్టు పెరుగుతుంది, మోతే ఉండదు. మోటారు సైకిలు పందాలవాళ్ళు ఎక్కువగా వాడేది ఇదే. ఫైళ్ళకు నాడాలు కట్టిన చేతులు మనవి, ఒకప్పుడైతే కళ్ళు మూసుకుని కట్టేవాళ్ళం. ఇప్పుడు వణికే వేళ్ళకు ఆ రింగులు దొరకవు. చేతులు నిలకడగా ఉన్నవారు తీసుకోండి, నాకు కుదరలేదు.

రాత్రి నిద్రలో గాలి యంత్రం మాస్కు పెట్టుకునేవారు కూడా మనలో ఉన్నారు. దాని పట్టీ వెల్క్రో. స్విట్జర్లాండు ఇంజనీరు జార్జ్ ద మెస్ట్రాల్‌కు ఆ ఆలోచన 1941లో వచ్చింది. మన పంచెకు ఉత్తరేణి గింజలు అంటినట్టే, ఆయన కుక్క బొచ్చుకు ముళ్ళ కాయలు అంటాయట. వాటిలో కొక్కేలు చూశాడు. లాగినప్పుడు వందల కొక్కేలు ఒకటొకటిగా పట్టు విడుస్తాయి గనుక ఆ బర్రుమనే శబ్దం. అర్ధరాత్రి బాత్రూముకు లేచినప్పుడల్లా ఇంటావిడ కూడా లేస్తుంది. వెల్క్రోను ఒకసారి, పడుకున్న భంగిమలోనే సరిచేసి వదిలేయండి. రాత్రి తీయడానికి కింది క్లిప్పు వాడండి. ఆ క్లిప్పులో అయస్కాంతం ఉంటే, పేస్‌మేకర్ ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. ఈ ప్రమాదం గురించి 2022లో హెచ్చరికలు వచ్చాయి.

నా కొత్త హెల్మెట్ ఆ బల్ల మీద పెట్టాను. రింగుల రకం ఒకటి మెకానిక్ షాపు నుంచి అడిగి తెచ్చాను, సాయంత్రం తిరిగి ఇవ్వాలి. ఉప్మా వచ్చేలోగా ఒక్కొక్కరు వచ్చి మీ వేళ్ళతో పెట్టి, తీసి చూడండి. తీయడం రాకపోతే నేను పక్కనే ఉంటాను.