తగ్గని గడ్డ – చీమును టెస్టుకు పంపించండి

శుక్రవారం మత్రాలో మనవాళ్ళం కూర్చున్నప్పుడు నేను మాట్లాడిన మాటలివి. డ్యూటీ ఉండి రాలేనివాళ్ళ కోసం రాసి పెడుతున్నా.

మన పనిలో దెబ్బలు, గడ్డలు మామూలే. మేకు గుచ్చుకుంటది, సిమెంటుకు చేతులు పగులుతయి, చెమటకు సెగగడ్డలు లేస్తయి. చాలా గడ్డలు మామూలు క్రిమితో వచ్చేవే. డాక్టరు కోసి, చీము తీసి, కట్టు కడితే మానిపోతయి. నేను చెప్పేది మానని గడ్డ గురించి.

మట్టిలో, బురద నీళ్ళలో బతికే ఒక బ్యాక్టీరియా ఉంది. దాంతో వచ్చే జబ్బు పేరు మెలియాయిడోసిస్. 1911లో రంగూన్‌లో విట్మోర్ అనే డాక్టరు దీన్ని మొదట గుర్తించాడు. ఆ రోజుల్లో మన తెలుగు కూలీలు కూడా వేలమంది రంగూన్‌లో పని చేసేవాళ్ళు. ఇప్పుడు ఈ జబ్బు ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడుల్లోనూ కనిపిస్తోంది. 2025లో గుంటూరు పక్కన తురకపాలెంలో కొన్ని నెలల్లోనే వరుసగా జనం చనిపోతే, డాక్టర్లు ఈ జబ్బునే అనుమానించారు. సర్కారు ఊళ్ళో క్యాంపులు పెట్టి రక్త పరీక్షలు చేయించింది.

మత్రాలో ఉన్న మనకెందుకు అంటారేమో. వానాకాలంలో చుట్టీకి పోతాం. నాట్లు వేస్తాం, బురదలో దిగుతాం. కాలి మీద చిన్న గీత ఉన్నా చాలు, క్రిమి లోపలికి పోతది. జబ్బు ఎక్కువగా 1 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది. కొందరికి నెలలు, ఏళ్ళు కూడా పడుతుంది. అంటే ఊళ్ళో అంటుకున్నది ఇక్కడ రూములో బయటపడొచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకు ప్రమాదం అందరికన్నా ఎక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, బాగా మందు తాగేవాళ్ళు కూడా జాగ్రత్తగా ఉండాలి.

గడ్డ చర్మం మీదే వస్తదని లేదు. కాలేయంలో, ప్లీహంలో, కండలో కూడా చీము పడుతుంది. విడవని జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఉంటయి. చూడటానికి టీబీలాగే ఉంటది. టీబీ మందులు వాడినా తగ్గదు. అసలు సంగతి తేలాలంటే చీమును, రక్తాన్ని కల్చర్ టెస్టుకు పంపాలి. అందుకే ఊరి నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలు ముందే మింగొద్దు. మింగితే టెస్టులో క్రిమి దొరకకపోవచ్చు. గడ్డను పిసకొద్దు, బ్లేడుతో కోసుకోవద్దు.

డాక్టరుతో మూడు మాటలు తప్పకుండా చెప్పండి: నాకు షుగర్ ఉంది, ఫలానా నెలలో ఊరికి పోయి బురదలో పని చేశాను, జ్వరం ఇన్ని రోజులుగా ఉంది. భాష రాకపోతే వచ్చినవాణ్ణి వెంట తీసుకుపోండి.

జబ్బు తేలితే మందు ఉంది. పెద్ద గడ్డయితే చీము తీస్తారు. సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ సెలైన్‌లాగా నరానికి ఎక్కిస్తారు. ఇది కనీసం 10 నుంచి 14 రోజులు. లోపల గడ్డలుంటే 4 వారాలో, ఇంకా ఎక్కువో. తర్వాత కోట్రైమోక్సజోల్ మాత్రలు కనీసం 3 నెలలు. మనవాళ్ళు ఆగిపోయేది ఇక్కడే. జ్వరం తగ్గింది, నొప్పి లేదు, ఇక మాత్రలెందుకు అనుకుంటారు. మధ్యలో ఆపితే జబ్బు మళ్ళీ తిరగబడుతుంది, ప్రాణం మీదికి వస్తది. మాత్రలు పడకపోతే, ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి.

జీతం పోతదని భయపడి దాచుకోకండి. 2023లో వచ్చిన ఒమన్ కార్మిక చట్టంలో జబ్బు సెలవు 182 రోజుల దాకా ఉంది. మొదటి 21 రోజులు పూర్తి జీతం, తర్వాత కొంచెం కొంచెంగా తగ్గుతుంది. మెడికల్ సర్టిఫికెట్ మాత్రం ఉండాలి. ప్రతి కాగితం ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. మధ్యలో ఊరికి పోవాల్సి వస్తే ఆ కాగితాలు చూసి అక్కడి డాక్టరు మందు కొనసాగిస్తాడు.

రూమ్ వాళ్ళకు ఒక మాట. ఇది మనిషి నుంచి మనిషికి అంటుకోవడం చాలా అరుదు. జబ్బు పడినవాణ్ణి వేరే పెట్టకండి, అన్నం దగ్గర దూరం చేయకండి. తోటి ఫోర్‌మన్‌లకూ ఒక మాట. గడ్డతో పాటు జ్వరం ఉన్నవాణ్ణి పరంజా ఎక్కించకండి, ఆస్పత్రికి పంపండి.

ఈసారి చుట్టీకి పోయినప్పుడు పొలంలో గమ్‌బూట్లు వేసుకోండి. దెబ్బ ఉంటే బురదలో దిగకండి. షుగర్ మాత్రలు మానకండి. ఈ మెసేజ్ చదవడం రానివాళ్ళకు చదివి వినిపించండి.