మన అనుభవాన్ని మనమే అడిగి తెలుసుకుందాం



ఆగస్టు 9 వచ్చిందంటే జెండా ఎగరేస్తాం, కొమురం భీముకు దండ వేస్తాం, డోలు మోగిస్తాం. ఈసారి వాటితోపాటు మీతో ఒక పని గురించి మాట్లాడాలనుకున్నాం. మీలో డిగ్రీ, పీజీ, బీఎడ్ చదివేవాళ్లు ప్రాజెక్టు కోసం మన గూడేలకే వస్తున్నారు. చేతిలో ప్రశ్నల కాగితం ఉంటుంది. అవును, కాదు అని టిక్కు పెట్టుకుని వెళ్లిపోతారు. ఆ కాగితంలో పట్టని సంగతి ఒకటి ఉంది.

2011 జనాభా లెక్కల్లో గోండి తమ మాతృభాష అని చెప్పినవారు దేశంలో సుమారు 29 లక్షల 84 వేల మంది. ఈ అంకె మనకు కావాలి, మన హక్కుల కోసం కావాలి. కానీ తెలుగు బడిలో మొదటిరోజు కూర్చున్న గోండు పిల్లవాడికి ఎలా ఉంటుందో ఈ అంకె చెప్పదు.

మా చిన్నప్పటి మాట. ఆశ్రమ పాఠశాలలో మాతోపాటు చేరిన ఒక పిల్లవాడు దాహమేసి లేచి నిలబడి "ఏర్" అన్నాడు. గోండిలో ఏర్ అంటే నీళ్లు. సారుకు అది తెలుగు ఏరులాగా వినబడింది. తరగతి విడిచి ఏటికి పోతానంటున్నాడనుకుని కూర్చోమని గద్దించారు. వాడు కూర్చున్నాడు. సాయంత్రం దాకా మళ్లీ నోరు తెరవలేదు. సారు చెడ్డవారేమీ కాదు, వారికి మన భాష రాదు. నెల తిరక్కముందే వాడు ఇంటికి వెళ్లిపోయాడు. రిజిస్టరులో "బడి మానేశాడు" అని పడింది.

రిజిస్టరుకు అది ఒక్క గీత. వాడికి ఏమిటి? దాహంతో కూర్చున్న ఆ పూట ఎంత పొడుగ్గా గడిచింది? అందరూ తనవైపు తిరిగి చూసినప్పుడు ఒళ్లు ఏమైంది? తన ఇంటి మాట అక్కడ చెల్లదని తెలిసిన క్షణం ఎలాంటిది? ఇలాంటి ప్రశ్నలు అడగడానికి గుణాత్మక పరిశోధనలో ఒక పద్ధతి ఉంది. దాన్ని ఫినామినాలజీ అంటారు. పేరు పెద్దదని బెదరకండి. ఒక అనుభవం బయటివాళ్లకు ఎలా కనిపించిందని కాక, అనుభవించినవారికి ఎలా ఉందని తెలుసుకోవడమే దాని సారం.

దీనికి తత్వశాస్త్రంలో పునాది వేసినవారు జర్మన్ తత్వవేత్త ఎడ్మండ్ హుస్సెర్ల్. ఒక విషయం గురించి మనకు ముందే ఉన్న అభిప్రాయాలను కాసేపు పక్కన పెట్టి, అది మన అనుభవంలోకి ఎలా వస్తుందో చూడాలన్నారు. తర్వాత మాక్స్ వాన్ మానెన్ 1990లో వచ్చిన తన పుస్తకంలో దీన్ని పరిశోధకులకు పనికొచ్చేలా వివరించారు. చోటు, ఒళ్లు, కాలం, తోటి మనుషులు అనే నాలుగు వైపుల నుంచీ అనుభవాన్ని చూడమన్నారు. దాహమేసిన పిల్లవాడి గురించి మనం ఇప్పుడు అడిగిన ప్రశ్నలు అవే కదా.

మన గురించి బయటివాళ్లు చాలా రాశారు. 1940లో జోడేఘాట్‌లో భీం అమరుడైన తర్వాత మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మన ప్రాంతానికి వచ్చారు. మార్లవాయిలో ఉండి మన జీవితాన్ని గ్రంథస్థం చేశారు. గోండు ఉపాధ్యాయులకు అక్కడ 1943లో శిక్షణ మొదలైంది. ఆ మేలు మరువలేం. ఇప్పుడు రాయగలిగినవాళ్లు మనలోనే ఉన్నారు. అయితే "మన ఊరు మనకు తెలియదా" అనే ధీమా మనకుంది. ఆ ధీమాయే మనకు పెద్ద అడ్డు. అది మాకు అనుభవమైంది.

ఒకసారి మేం హాస్టల్లో చదువుకున్న ఒక అక్క దగ్గరికి వెళ్లాం. హాస్టలంటే ఏడుపు, బెంగ అని ముందే అనుకుని వెళ్లాం. ప్రశ్నలూ అలాగే అడిగాం. ఆమె కొంతసేపు విని అంది: "తమ్ముడూ, మీరు హాస్టల్ సంగతే అడుగుతున్నరు. అక్కడ నాకు మంచిగనే ఉండె. నాకు కష్టమైంది ఇంటి కాడ. సెలవులకు వస్తే అవ్వతోని మాట్లాడుతుంటే గోండి మాట యాదికి రాలె. తెలుగు మాట వచ్చింది. అవ్వ నా మొఖం చూసి ఊకుంది."

మా కాగితంలో ఆ ప్రశ్నే లేదు. బడిలో భాష రాక ఒక పిల్లవాడు మాట పోగొట్టుకుంటే, బడిలో నెగ్గిన పిల్ల ఇంట్లో మాట పోగొట్టుకుంది. మేం అనుకున్నదే రాసుకుని వచ్చి ఉంటే ఈ రెండోది ఎప్పటికీ తెలిసేది కాదు.

కాబట్టి మీరు బయల్దేరేముందు మీకు తెలుసనుకుంటున్నదంతా ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి. అది పూర్తిగా పోదు, కానీ ఎక్కడ అడ్డొస్తోందో తెలుస్తుంది. అయిదారుగురితో మొదలుపెట్టినా చాలు. వాళ్ల భాషలోనే మాట్లాడండి. "బాధపడ్డారా?" అని అడగకండి. "ఆ రోజు ఏం జరిగింది, మొదటినుంచి చెప్పండి" అని అడిగి, మధ్యలో మాట అందించకుండా వినండి. వాళ్లు మౌనంగా ఉంటే మీరూ ఉండండి. రికార్డు చేయాలంటే ముందే అనుమతి అడగండి, ఎప్పుడైనా ఆపేయవచ్చని చెప్పండి. విన్నది ఉన్నదున్నట్టు రాసుకుని పదేపదే చదవండి. అందరి మాటల్లోనూ కనబడేది ఏమిటో, ఒక్కరే చెప్పింది ఏమిటో వేరువేరుగా గుర్తించండి. రాసింది తిరిగి వాళ్లకే చదివి వినిపించండి. పేర్లు మార్చండి. దేవుళ్ల సంగతులు, పెద్దలు బయటికి చెప్పవద్దన్నవి రాయకండి.

ఈ పద్ధతి ఎంతమంది అనే ప్రశ్నకు జవాబివ్వదు. అధికారుల ముందుకు వెళ్లేటప్పుడు లెక్కలూ పట్టుకెళ్లాలి. కానీ బడి మానేసిన పిల్లలు ఇంతమంది అని చెప్పినప్పుడు, ఎందుకలా అయిందో ఆ పిల్లలు చెప్పిన మాటలు పక్కనుంటే, ఆ లెక్కను ఎలా చదవాలో తెలుస్తుంది.

ఆ పిల్లవాడు మళ్లీ బడికి రాలేదు. ఆ రోజు ఎలా గడిచిందని మాలో ఎవరమూ వాణ్ణి అడగలేదు. మీ ఊళ్లోనూ అలాంటివారు ఉంటారు. ఈ సెలవుల్లో ఒక్కరి దగ్గరికి వెళ్లి కూర్చోండి, వినండి.

జై సేవా. జై ఆదివాసీ.